నూటికి నూట నాలుగు వెలుగా?

ప్రశ్న: మాది తిరుపతి, బీటెక్ ఆఖరి ఏడాది. వీధిదీపం ఎల్‌ఈడీకి అక్రిలిక్ లెన్స్ డిజైన్ చేసి జీమ్యాక్స్‌లో (కాంతి దారిని కంప్యూటర్‌లో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) కిరణాలు వదిలి చూశాను. మోడల్‌లో రోడ్డుకు కాస్త పైన డిటెక్టర్ (తన మీద పడే కాంతిని లెక్కేసే పలక) పెడితే ఎల్‌ఈడీ ఇచ్చిన కాంతిలో 104 శాతం దాని మీద పడినట్టు చూపిస్తోంది, మోడల్‌లోంచి రోడ్డు తీసేస్తే 99. రెండూ తప్పేనంటున్నారు మా గైడ్ సార్, ఎందుకో చెప్పడం లేదు. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ సార్ చెప్పింది నిజమే, అయితే రెండూ ఒకే తప్పు కాదు.

ముందు 104 సంగతి. మీ డిటెక్టర్ కాంతిని ఆపడం లేదు, లెక్కేసుకుని వదిలేస్తోంది. ఆ కాంతి కింద రోడ్డును తాకి, కొంత చెదిరి పైకి లేచి, మళ్లీ అదే డిటెక్టర్‌లోంచి పోతూ మళ్లీ లెక్కలో చేరుతోంది. అలిపిరిలో కొండెక్కే బండ్లనీ దిగొచ్చే బండ్లనీ కలిపి లెక్కేసి, ఇవాళ ఇన్ని బండ్లు కొండెక్కాయి అన్నట్టుంది వ్యవహారం. డిటెక్టర్ మెటీరియల్‌ని అబ్సార్బ్‌గా, అంటే కాంతిని మింగేసేలా మార్చండి, చాలు.

99 ఇంకా ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి నిజంలా ఉంటుంది. అక్రిలిక్ వక్రీభవన గుణకం దాదాపు 1.49. గాలి నుంచి అక్రిలిక్‌లోకి నేరుగా వెళ్లే కాంతిలో దాదాపు 3.9 శాతం ఉపరితలం దగ్గరే వెనక్కి తిరుగుతుంది, బయటికొచ్చేటప్పుడు మళ్లీ అంతే. లోపల అటూ ఇటూ తిరిగి బయటపడేది కలుపుకున్నా 92, 93 దాటదు, కిరణాలు ఏటవాలుగా తగిలేచోట ఇంకా తగ్గుతుంది. ప్రతిబింబాన్ని తగ్గించే కోటింగ్ లేని అక్రిలిక్ లెన్స్‌కి 99 వచ్చిందంటే ఆ నష్టం అసలు లెక్కలోకే రాలేదన్నమాట. రే ట్రేస్ విండోలో యూజ్ పోలరైజేషన్ టిక్ చేయకపోతే జీమ్యాక్స్ ఈ నష్టాన్నీ, లెన్స్ లోపల ఇంకిపోయే కాంతినీ పట్టించుకోదు. దాంతోపాటు, ఉపరితలం దగ్గర కిరణాన్ని రెండుగా చీల్చే స్ప్లిట్ రేస్ కూడా పెట్టండి, వెనక్కి తిరిగిన కాంతి ఎటు పోయిందో తెలుస్తుంది. ట్రేస్ అయ్యాక లాస్ట్ ఎనర్జీ అని రెండు అంకెలు కింద కనిపిస్తాయి, చాలామంది వాటివైపు చూడరు. వాటిలో ఎర్రర్స్ వల్ల పోయింది ఎక్కువుంటే మీ లెన్స్ జ్యామితిలోనే ఏదో తేడా ఉంది, శాతం సంగతి తర్వాత.

కిరణాల సంఖ్య గురించి భయం వద్దు. డిటెక్టర్‌కి పది వేల కిరణాలు తగిలితే మొత్తం పవర్‌లో యాదృచ్ఛిక తేడా 1 శాతం లోపే ఉంటుంది. రోడ్డు మీద వెలుగు ఎక్కడెంతో మ్యాప్ కావాలంటే మాత్రం డిటెక్టర్‌లోని ఒక్కో పిక్సెల్‌కీ (చిన్న గడికీ) విడిగా అన్నేసి కిరణాలు తగలాలి, అప్పుడు రాత్రంతా కంప్యూటర్ ఆన్‌లో ఉంచాల్సిందే.

ఇంకో మాట, రివ్యూలో తప్పకుండా అడుగుతారు: ఈ శాతం దేనిలో దేనికి? లెన్స్‌లోంచి బయటపడిన కాంతి వేరు, రోడ్డు వెడల్పులోనే పడిన కాంతి వేరు. మొదటిదానికి లెన్స్ చుట్టూ డిటెక్టర్ ఉండాలి, రెండోదానికి రోడ్డు కొలతలంతే డిటెక్టర్. పక్కింటి గోడ మీద పడ్డ వెలుగు మొదటి లెక్కలో లాభం, రెండో లెక్కలో నష్టం. రెండు అంకెలూ విడివిడిగా రాయండి. కాలేజీ ల్యాబ్‌లో ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (దీపం అన్ని వైపులా ఇచ్చే మొత్తం కాంతిని కొలిచే బోలు గోళం) ఉంటే, లెన్స్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి కొలిచి ఆ నిష్పత్తిని మొదటి అంకెతో పోల్చి చూడండి. ఎల్‌ఈడీ వేడెక్కి వెలుగు నిలకడ పడ్డాకే రీడింగ్ తీసుకోవాలి.