నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేసి చూడొచ్చా? జీరో డెప్ ఉంటే ఇంజన్‌కి కూడా క్లెయిమ్ వస్తుందా?

రాత్రి వానకు సెల్లార్ నిండి కారు సీట్ల దాకా మునిగిందని, మోటారు పెట్టి నీళ్లు తోడేశారని, ఇప్పుడు చూడ్డానికి బాగానే ఉందని రాశారు. వీధి చివరి మెకానిక్ "ఓసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం సార్, ఎక్కితే ఎక్కుతుంది" అంటున్నాడట. జీరో డెప్ పాలసీ ఉంది కాబట్టి ఏం జరిగినా ఫర్వాలేదు కదా అని మీ ప్రశ్న.

ముందు ఆ మెకానిక్‌కి ఫోన్ చేసి తాళం ముట్టుకోవద్దని చెప్పండి. మిగతాది నిదానంగా చదవొచ్చు.

మాది విజయవాడ, సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు ఊరి మీదికొచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఉన్న కార్లన్నీ మునిగాయి, నాదీ అందులోనే ఉంది. మా బావమరిది వాళ్లుండేది పాయకాపురం. వాళ్ల కారైతే పైకప్పు కూడా కనపడలేదు. నీళ్లు తీశాక అందరం ఒకే రకం పాలసీ కాగితాలు పట్టుకుని తిరిగాం. కానీ పక్కపక్కనే మునిగిన కార్లకు వచ్చిన డబ్బులో చాలా తేడా ఉంది. ఆ తేడా కొంత పాలసీ వల్ల, ఎక్కువ భాగం మొదటి గంటలో ఎవరేం చేశారన్న దాని వల్ల వచ్చింది.

తాళం ఎందుకు తిప్పకూడదంటే, పిస్టన్ పైకి వచ్చేటప్పుడు సిలిండర్లో ఉన్న గాలిని నొక్కుతుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఎయిర్ ఫిల్టర్ దారిలో నీళ్లు లోపలికి చేరి ఉంటే, ఆ బలానికి ఏదో ఒకటి లొంగాలి కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒక్కోసారి విరిగి ఇంజన్ బ్లాక్‌కే చిల్లు పెడుతుంది. దీన్నే షెడ్లలో హైడ్రోలాక్ అంటారు. ఆగి ఉండగా మునిగిన ఇంజన్‌ని చాలాసార్లు విప్పి, నీళ్లు తీసి, ఆయిల్ మార్చి బాగు చేయొచ్చు. తిప్పిన ఇంజన్ సంగతి వేరు, దాన్ని పూర్తిగా దించాల్సిందే.

ఇన్సూరెన్స్ లెక్క కూడా ఇక్కడే తిరగబడుతుంది. కారు మునగడం వరద వల్ల జరిగిన నష్టం. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే, అంటే మన సొంత కారుకు జరిగిన నష్టాన్ని ఇచ్చే ఓన్ డ్యామేజ్ భాగం ఉంటే, వరద అందులోకి వస్తుంది. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే పైసా రాదు. అయితే నీళ్లున్న ఇంజన్‌ని తిప్పడం వల్ల జరిగినదాన్ని కంపెనీలు "పర్యవసాన నష్టం" ఖాతాలో వేస్తాయి, అది మామూలు పాలసీలో ఉండదు. మా పక్క ఫ్లాట్ ఆయన కారు ర్యాంప్ మీద ఉండటంతో నీళ్లు బంపర్ దాటి కొంచెమే పైకెక్కాయి. అందరికంటే అదృష్టవంతుడు ఆయనే అనుకున్నాం. పిల్లల్ని చుట్టాలింటికి చేర్చాలన్న తొందరలో బటన్ నొక్కాడు. టప్పుమని ఒక్క శబ్దం, అంతే. నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి కార్పెట్లూ సెన్సర్లూ రాసుకుని, ఇంజన్ దగ్గర అడ్డంగా గీత గీశాడు.

మీ జీరో డెప్ సంగతికొద్దాం. మనవాళ్లు దాన్ని "బంపర్ టు బంపర్" అని పిలవడంతో బంపర్ నుంచి బంపర్ దాకా ఉన్నదంతా కవర్ అయిపోతుందని చాలామంది నమ్ముతారు, అమ్మేవాళ్లూ ఆ నమ్మకాన్ని చెడగొట్టరు. జీరో డెప్ చేసే పని ఒక్కటే, మార్చిన పార్టుల మీద తరుగుదల కోయకుండా ఆపడం. అది లేకపోతే రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ, టైర్లు, ఎయిర్‌బ్యాగుల మీద 50 శాతం, ఫైబర్ మీద 30 శాతం కోస్తారు. లోహపు పార్టులకు కారు వయసును బట్టి కోత పెరుగుతూ పోయి, 10 ఏళ్లు దాటితే 50 శాతానికి చేరుతుంది. వరద కారులో పోయేవన్నీ ప్లాస్టిక్కూ ఫోమూ వైరింగే కాబట్టి జీరో డెప్ మీకు బాగా పనికొస్తుంది. ఇంజన్‌కి మాత్రం "ఇంజన్ ప్రొటెక్ట్" అని విడిగా ఒక యాడ్-ఆన్, అంటే అదనపు ప్రీమియం కట్టి తీసుకునే కవర్, ఉండాలి. అది ఉన్నా మునిగిన బండిని మళ్లీ మళ్లీ స్టార్ట్ చేశారని తేలితే పేచీ పెట్టే షరతులుంటాయి, చదవండి. ఏ క్లెయిమ్‌లోనైనా తప్పనిసరిగా మీ జేబులోంచి పోయేది 1500 సీసీ దాకా 1,000 రూపాయలు, ఆపైన 2,000.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. కారు దగ్గరికి వెళ్లే ముందే ఫోటోలు, వీడియో తీయండి. నంబర్ ప్లేటు, గోడ మీద నీళ్లు నిలిచిన గీత, తలుపు మీద బురద గీత, ఈ మూడూ ఒకే ఫ్రేములో వస్తే మంచిది. పుష్ బటన్ కారైతే రిమోట్‌తో తెరవకండి. అన్‌లాక్ అయితే చాలు కొన్ని ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు మేలుకుంటాయి, తడిలో కరెంటు పారితే అవే మొదట పోతాయి. రిమోట్ లోపలే చిన్న ఇనప తాళం ఉంటుంది, దాంతో తెరిచి, బోనెట్ లాగి, 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ నెగెటివ్ వైరు ముందు విప్పండి. ఇది ఎలక్ట్రిక్ లేదా హైబ్రిడ్ కారైతే ఏదీ ముట్టుకోకండి. నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు పోవద్దు, కంపెనీ సర్వీసు వాళ్లనే పిలవండి.

డిప్‌స్టిక్ తీసి చూడొచ్చు, దానికి కరెంటుతో పని లేదు. ఆయిల్ పాలెక్కువైన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. మామూలు రంగులో ఉన్నంత మాత్రాన గండం గడిచిందనుకోవద్దు, సిలిండర్లోనో ఇన్‌టేక్ పైపులోనో నీళ్లు ఉండొచ్చు.

తర్వాత ఇన్సూరెన్స్ టోల్ ఫ్రీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి, అదే విషయం మెయిల్‌లో కూడా పెట్టండి. సర్వేయర్ వచ్చేదాకా కడగొద్దని అందరూ చెప్తారు. నిజమే, కానీ ఒకరిద్దరి కార్లు మునిగినప్పుడు అది సరిపోతుంది. విజయవాడలో వేల బళ్లు ఒకేసారి మునిగాయి. సర్వేయర్లు దొరకలేదు, రికవరీ బళ్లు దొరకలేదు, హైవే పక్క షెడ్ల ముందు కార్లు వరసలు కట్టాయి. వీధుల్లో బురద కడగడానికి ఫైరింజన్లు తిరుగుతుంటే, కార్ల లోపల ఒండ్రు మాత్రం గట్టిపడిపోయింది. కార్పెట్ కింద ఫోమ్‌లో నానిన నీళ్లు ఎన్ని రోజులుంటే వైరింగ్ సాకెట్లు అంతగా పాడవుతాయి. నేను చేసింది చెప్తాను: అన్ని వైపులా వీడియో తీసి, "నష్టం పెరగకుండా తలుపులు తీసి, మ్యాట్లు తీసి ఆరబెడుతున్నాను, పార్టులేవీ విప్పడం లేదు" అని మెయిల్ పెట్టి ఆరబెట్టడం మొదలుపెట్టాను. పాలసీ షరతుల్లోనే, నష్టం జరక్కుండా యజమాని తగిన జాగ్రత్త తీసుకోవాలని ఉంటుంది. సర్వేయర్ ఆ మెయిల్ చూసి మాట్లాడలేదు.

కారును షెడ్‌కి తాడు కట్టి లాగించకండి. బండి మీదికెక్కించి తీసుకెళ్లే రికవరీ వ్యాన్‌నే పిలవండి, ఆటోమేటిక్ గేరు కారైతే మరీ ముఖ్యం, లేదంటే గేర్‌బాక్స్ కూడా ఖర్చులో చేరుతుంది. మామూలు పాలసీలో టోయింగ్‌కి ఇచ్చేది 1,500 రూపాయల దాకానే. రోడ్ సైడ్ అసిస్టెన్స్ యాడ్-ఆన్ ఉందేమో చూడండి, చాలామంది డబ్బు కట్టి కూడా అది ఉన్న సంగతే మర్చిపోతారు.

షెడ్‌లో అడగాల్సినవి ఇవి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇంజన్‌ని సెల్ఫ్‌తో కాకుండా చేత్తో తిప్పి చూడమనండి. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఫిల్టర్లన్నీ మార్చాలి. సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్, ఏసీ బ్లోయర్ విప్పి శుభ్రం చేయాలి. వెనక డ్రమ్ బ్రేకులు తెరవకపోతే లోపల బురద అలాగే ఉండిపోతుంది. సీట్లు, కార్పెట్ మొత్తం బయటికి తీయించండి, ఎంత ఇబ్బందైనా సరే. "పైనుంచి వ్యాక్యూమ్ కొట్టి డ్రై క్లీనింగ్ చేస్తాం" అంటే ఒప్పుకోకండి, ఆ వాసన ఏ సెంటు డబ్బాకీ లొంగదు. కింద ఫ్లోర్‌లో రబ్బరు బిరడాలుంటాయి, అవి తీస్తే నీళ్లు దిగిపోతాయి. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో ముందు సీట్ల మధ్య, నేలకి ఆనుకునే ఉంటుంది. సీట్ల దాకా నీళ్లొచ్చాయంటే అది మునిగిందనే అర్థం. దాన్ని ఆరబెట్టి పెడతామంటే వద్దనండి, మార్పించండి. ఇదొక్కటీ డబ్బు చూసుకోవాల్సిన చోటు కాదు.

వైరింగ్ కనెక్టర్ల గురించి నాకు కొంచెం పట్టుదల ఎక్కువ. నా కారు బాగయి వచ్చాక కొన్నాళ్లు దివ్యంగా తిరిగింది. చలికాలంలో ఒక పవర్ విండో ఆగింది, తర్వాత బ్రేకులకు సంబంధించిన ఏబీఎస్ హెచ్చరిక లైటు వెలిగింది. విప్పితే సాకెట్ల లోపల పచ్చగా చిలుము. అప్పటికి క్లెయిమ్ ముగిసిపోయింది కాబట్టి ఆ ఖర్చు నాదే. అందుకే డెలివరీ తీసుకునేటప్పుడు, కింది వరస కనెక్టర్లన్నీ విప్పి కడిగినట్టు జాబ్ కార్డులో రాయించుకోండి. తర్వాత ఏదైనా తేలితే, క్లెయిమ్ తిరిగి తెరిపించడానికి ఆ కాగితం పనికొస్తుంది.

నీళ్లు డ్యాష్‌బోర్డు దాటితే కథ వేరు. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన కారు విలువలో, 75 శాతం మించితే టోటల్ లాస్ కింద, అంటే కారు మొత్తం పోయినట్టే తీసుకుంటారు. మా బావమరిది కారు అలాగే పోయింది. ఐడీవీ అంటే షోరూమ్ ధర కాదు, ఏడాది దాటిన కారుకు 20 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం తగ్గించిన విలువ. రిటర్న్ టు ఇన్‌వాయిస్ యాడ్-ఆన్ ఉంటేనే కొన్న ధర వస్తుంది, అది కూడా సాధారణంగా కొత్త కార్లకే ఇస్తారు. లోన్ ఉంటే చెక్కు ముందు బ్యాంకుకి పోతుంది, మిగిలితే మీకు. క్లెయిమ్ తేలేదాకా ఈఎంఐ ఆపకండి, కారు లేకపోయినా సిబిల్ (అప్పు తీర్చిన తీరు చూపే స్కోరు) ఉంటుంది.

టోటల్ లాస్‌లో ఒక జాగ్రత్త. "శవం (పాడైన కారు) మీరే ఉంచుకోండి, దాని విలువ తగ్గించి డబ్బిస్తాం" అని కంపెనీ అడగొచ్చు. దాన్ని కొనే పాత ఇనుము వ్యాపారి ఫోన్ నంబరు కూడా వాళ్లే ఇస్తారు. ఆ కారు తుక్కుకే పోతుందన్న నమ్మకం పెట్టుకోకండి. మీ పేరున ఉన్న ఆర్సీతోనే అది మరో ఊళ్లో రోడ్డెక్కి యాక్సిడెంట్ చేస్తే నోటీసు మీ ఇంటికొస్తుంది. ఇక వాడలేని బండైతే మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లో ఆర్టీఓకి తెలియజేయాలి. మా బావమరిది ఆర్సీ రద్దు కాగితం చేతికొచ్చాకే బండి ఇస్తానని కూర్చున్నాడు. వ్యాపారి విసుక్కున్నాడు గానీ చివరికి ఒప్పుకున్నాడు.

సెకండ్ హ్యాండ్ కారు కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతుంటే, సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, కింది భాగంలో బురద మరక పోదు. సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, పాత కారులో కొత్త కార్పెట్, ఇవి కనపడితే వెనక్కి రండి.

క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుందని వెనకాడకండి. బోనస్ గరిష్ఠంగా 50 శాతం, అదీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే. సీట్ల దాకా మునిగిన కారు బిల్లు ముందు అది చిన్న లెక్క. బంపర్ దాకానే తడిసి కార్పెట్ ఆరబెట్టుకుంటే సరిపోయే కేసైతే మాత్రం క్లెయిమ్ దండగ.

కంపెనీ మొండికేస్తే నోటిమాటతో వదలకండి, కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ చేయండి. తర్వాత ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల నియంత్రణ సంస్థ) వారి బీమా భరోసా పోర్టల్ ఉంది, ఫోన్ 155255. అక్కడా తేలకపోతే బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. మన రెండు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాదులోనే, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

మీ పాలసీ షెడ్యూల్ మొదటి పేజీలో యాడ్-ఆన్‌ల వరస ఉంటుంది. అందులో ఇంజన్ ప్రొటెక్ట్ ఉందో లేదో, కారు పెట్రోలో డీజిలో, ఎన్నేళ్లదో కింద కామెంట్‌లో రాయండి. సర్వేయర్ వచ్చినప్పుడు ఏది పట్టుబట్టాలో దాన్ని బట్టి చెప్తాను.