సెప్టెంబరు బేస్‌బాల్ వాదనకు దిగే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సెప్టెంబరు వచ్చేసింది. న్యూజెర్సీ ఎడిసన్‌లో మీ ఆఫీసులాంటి చోట యాంకీస్, మెట్స్, ఫిలీస్ అభిమానులు ముగ్గురూ ఒకే టేబుల్ దగ్గర భోంచేస్తారు కాబట్టి ఏ పిచర్ (బంతి విసిరేవాడు) గొప్ప, ఎవరు ప్లేఆఫ్‌కి (సీజన్ ముగిశాక జరిగే నాకౌట్ పోటీలకి) వెళ్తారు అన్న రగడ ఈ నెలంతా నడుస్తుంది. ఆట నీకు పట్టుబడింది, లెక్కలే తికమకగా ఉన్నాయన్నావు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. అన్నిటికన్నా ముఖ్యమైంది ముందే చెప్పేస్తాను. ఏప్రిల్ నుంచి ఎవరు ఎంత బాగా ఆడారన్నది ఇప్పుడు సగం విషయమే. మిగిలిన ఆటల్లో ఏ రోజు ఎవరి చేతిలో బంతి ఉంటుంది, ఆ చెయ్యి ఏ స్థితిలో ఉంది, ఇవి చూసుకున్నవాడి మాటే నిలబడుతుంది.

ముందు పట్టిక. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లు, రెండు లీగ్‌లు, ఒక్కో లీగ్‌లో అయిదేసి జట్ల డివిజన్లు మూడు, ఒక్కో జట్టుకి 162 ఆటలు. 2022 నుంచి ఒక్కో లీగ్‌లో ఆరు జట్లు ముందుకెళ్తున్నాయి: ముగ్గురు డివిజన్ విజేతలు, ముగ్గురు వైల్డ్ కార్డులు (డివిజన్ గెలవకపోయినా మిగతావాళ్లలో మెరుగైన రికార్డు ఉన్నవాళ్లు). డివిజన్ విజేతల్లో మొదటి ఇద్దరికి తొలి రౌండు ఆడే పనే లేదు. మిగతా నలుగురు మూడు ఆటల సిరీస్ ఆడాలి, అదీ మొత్తం మెరుగైన జట్టు సొంత మైదానంలోనే. కాబట్టి రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య తేడా చిన్నదేం కాదు. 'ఎలాగూ ప్లేఆఫ్‌లో ఉన్నాంగా' అని చేతులు ముడుచుకునే అభిమానికి ఇది గుర్తు చెయ్యి.

పట్టికలో అందరూ 'ఎన్ని ఆటలు వెనక' అన్న గడి చూస్తారు. నువ్వు ఓటముల గడి చూడు. ఆడాల్సిన ఆటలు గెలిచి గెలుపులు పెంచుకోవచ్చు, పడ్డ ఓటమిని మాత్రం ఎవరూ చెరపలేరు. ఒక లెక్క వేద్దాం. మొదటి జట్టు 88 గెలిచి 60 ఓడింది, 14 ఆటలు మిగిలాయి. రెండోది 84 గెలిచి 63 ఓడింది, 15 మిగిలాయి. గెలుపుల తేడా 4, ఓటముల తేడా 3, కలిపి సగం చేస్తే 3.5 ఆటల వెనక. మ్యాజిక్ నంబర్ (ముందున్న జట్టుకి చోటు ఖాయం కావడానికి ఇంకా ఎంత దూరమో చెప్పే అంకె) కావాలంటే 163 లోంచి ముందున్న జట్టు గెలుపులూ వెనకున్న జట్టు ఓటములూ తీసెయ్యి: 163 – 88 – 63 = 12. మొదటి జట్టు గెలిచినా, రెండోది ఓడినా ఈ అంకె ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే ఖాయం.

ఇప్పుడు అసలు సంగతి చూడు. వెనకున్న జట్టు మిగిలిన 15లో 10 గెలిచి అదరగొట్టిందనుకుందాం, 94–68 దగ్గర ఆగుతుంది. ముందున్న జట్టు 14లో 6 గెలిస్తే చాలు, అదీ 94–68. అంటే సగం కూడా గెలవకుండానే సమం చేస్తుంది. 3.5 ఆటలంటే వినడానికి చిన్నదిగా ఉంటుంది కానీ రెండు వారాల్లో దాన్ని పూడ్చడం ఎంత కష్టమో ఈ లెక్కలోనే తెలుస్తుంది. ఎవరైనా 'మేం పట్టేస్తాం' అంటే, మీరు ఎంత గెలవాలి, వాళ్లు ఎంత ఓడాలి అని రెండు అంకెలూ అడుగు.

అలాగని ఎవరినీ ముందే సమాధి చెయ్యకు. 2025లో క్లీవ్‌లాండ్ గార్డియన్స్ జులైలో 15.5 ఆటలు వెనకపడి కూడా 88–74తో డివిజన్ గెలిచింది, అప్పుడు ముందున్న డిట్రాయిట్ టైగర్స్ 87–75 దగ్గర ఆగి వైల్డ్ కార్డుతో సరిపెట్టుకుంది. 2011 సెప్టెంబరు మొదట్లో బోస్టన్ రెడ్ సాక్స్ వైల్డ్ కార్డు రేసులో 9 ఆటలు ముందుంది. ఆ నెలలో 7 గెలిచి 20 ఓడి, ఆఖరి రోజు రాత్రి ఇంటిదారి పట్టింది.

సమం అయితే ఏంటన్నది చాలామందికి ఇంకా పాత లెక్కే. మునుపటిలా 163వ ఆట ఇప్పుడు లేదు, 2022తో అది పోయింది. మన క్రికెట్‌లోలా నెట్ రన్ రేట్ లాంటిది కూడా ఉండదు, 12–0తో గెలిచినా 1–0తో గెలిచినా ఒకటే. మొదట ఇద్దరి మధ్య జరిగిన ఆటల్లో ఎవరిది పైచేయి అని చూస్తారు, అక్కడా సమమైతే సొంత డివిజన్ జట్ల మీద రికార్డు చూస్తారు. 2025లో టొరంటో బ్లూ జేస్, యాంకీస్ ఇద్దరూ 94–68. ముఖాముఖిలో 8–5తో ముందున్న టొరంటోకి డివిజనూ, తొలి రౌండు విశ్రాంతీ దక్కాయి. అదే ఏడు సిన్సినాటి రెడ్స్, మెట్స్ ఇద్దరూ 83–79. ఆఖరి రోజు రెడ్స్ ఓడినా, మెట్స్ కూడా ఓడడంతో, ముఖాముఖి 4–2 రెడ్స్‌కి చివరి వైల్డ్ కార్డు తెచ్చిపెట్టింది. కాబట్టి ఇప్పుడే కూర్చుని నీ జట్టుకీ పోటీలో ఉన్న ఒక్కో జట్టుకీ ముఖాముఖి ఎంతో రాసి పెట్టుకో. పైచేయి నీదైతే మ్యాజిక్ నంబర్‌లో ఒకటి తగ్గించుకోవచ్చు, 163 బదులు 162 నుంచి మొదలుపెట్టు.

ఇక పిచర్లు. ఒక కాగితం మీద ఆఖరి ఆదివారం నుంచి వెనక్కి తేదీలు వేసుకో. ఒక్కో స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్) చివరిసారి ఏ రోజు వేశాడో పెట్టి, మధ్యలో నాలుగు రోజుల విశ్రాంతి, ఆట లేని రోజు ఉంటే అయిదు, ఇలా ముందుకు లెక్కపెట్టు. రెండు వారాల్లో ఎంత గొప్ప ఏస్ (జట్టులో మేటి స్టార్టర్) అయినా మూడు సార్లకు మించి రాడు. మిగతా పది పదకొండు ఆటలు ఎవరివి? మిగతా నలుగురు స్టార్టర్లవి, అందులో దాదాపు సగం నాలుగో, అయిదో స్టార్టర్లవి. అభిమానులు ఏస్ గురించి గొంతు చించుకుంటారు, రేసు మాత్రం తరచు ఈ ఇద్దరి దగ్గరే తెగిపోతుంది.

ఆ కాగితం మీదే ఇంకొకటి కనబడుతుంది. వైల్డ్ కార్డు సిరీస్ సీజన్ ముగిసిన మంగళవారమే మొదలవుతుంది, మంగళ, బుధ, గురు. ఏస్‌ని గురువారం వేయిస్తే శుక్ర, శని, ఆది, సోమ విశ్రాంతి తీసుకుని మంగళవారం సిద్ధం. చోటు కోసం అతన్ని గురువారం బదులు ఆఖరి ఆదివారం దింపాల్సి వస్తే, మళ్లీ శుక్రవారం దాకా దొరకడు, అప్పటికి ఆ సిరీస్ అయిపోతుంది. అందుకే రెండు రోజుల ముందే చోటు ఖాయం చేసుకోవడం, ఆఖరి రోజు చేసుకోవడం ఒకటి కాదు. 2025లో టైగర్స్ తరఫున టారిక్ స్కూబల్ మంగళవారం తొలి ఆట వేసి 14 మందిని స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులతో అవుట్) చేశాడు. తర్వాత ఆదివారం సియాటిల్ మీద డివిజన్ సిరీస్ (రెండో రౌండు) రెండో ఆట, మళ్లీ శుక్రవారం అయిదో ఆట, అందులో 13 స్ట్రైకవుట్లు. అయినా ఆ ఆట 15 ఇన్నింగ్స్ దాకా సాగి 3–2తో సియాటిల్ పరమైంది. అయిదు ఆటల సిరీస్‌లో ఒక్కడు చేయగలిగినదానికి హద్దు ఎక్కడో ఆ లెక్క చూస్తే తెలుస్తుంది.

'విశ్రాంతి తగ్గించి వేయించొచ్చుగా' అంటారు. 1964లో ఫిలడెల్ఫియా ఫిలీస్ 12 ఆటలు మిగిలి ఉండగా 6.5 ఆటలు ముందుంది. మేనేజర్ జీన్ మాక్ కంగారుపడి జిమ్ బన్నింగ్, క్రిస్ షార్ట్‌లను రెండేసి రోజుల విశ్రాంతితోనే మళ్లీ మళ్లీ దింపాడు. జట్టు వరసగా 10 ఆటలు ఓడి, పెనెంట్ (లీగ్ టైటిల్) సెయింట్ లూయిస్‌కి పోయింది. ఫిలీస్ అభిమాని దగ్గర ఈ మాట నెమ్మదిగా ఎత్తు, అరవై ఏళ్లు దాటినా ఆ గాయం పచ్చిగానే ఉంది. 2008లో సీసీ సబాతియా మిల్వాకీకి వచ్చి 11–2 గెలుపోటములతో, 1.65 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున తన ఖాతాలో పడ్డ పరుగులు) జట్టును 1982 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్‌కి చేర్చాడు. చివరి మూడు ఆటలూ మూడేసి రోజుల విశ్రాంతితో వేశాడు. ప్లేఆఫ్‌లో నాలుగు ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేకపోయాడు. 2025 వరల్డ్ సిరీస్‌లో (ఫైనల్లో) డాడ్జర్స్ పిచర్ యోషినోబు యమమోటో ఆరో ఆటలో 96 బంతులు వేసి మర్నాడే ఏడో ఆట గెలిపించాడు, నిజమే. ఆ తర్వాత వేయాల్సిన ఆట ఇంకేదీ లేదన్నది మర్చిపోకు. సెప్టెంబరు 15న అలా చేయించే మేనేజర్ ఉండడు.

పిచర్ చెయ్యి ఎలా ఉందో సీజన్ ఈఆర్‌ఏ చెప్పదు. 120 ఇన్నింగ్స్‌లో 30 పరుగులిచ్చిన పిచర్ ఈఆర్‌ఏ 2.25. ఆ తర్వాత 30 ఇన్నింగ్స్‌లో 20 ఇచ్చాడనుకో, ఆ నెల 6.00 అయినా సీజన్ అంకె మాత్రం 3.00 అనే చూపిస్తుంది. చూసేవాళ్లకి అదే బంగారం. దీనికి తిరగేసిన తప్పూ ఉంది: 150 ఇన్నింగ్స్, 50 పరుగులతో ఉన్నవాడు ఒక్క రోజు రెండు ఇన్నింగ్స్‌లో 7 ఇచ్చుకుంటే అంకె 3.00 నుంచి 3.38కి ఎగబాకుతుంది. ఒక్క చెడ్డ రోజు చూసి వాడి పని అయిపోయిందనడమూ తొందరపాటే.

అందుకని పరుగులు పక్కన పెట్టి, అవి ఎలా వచ్చాయో చూడు. బేస్‌బాల్ సావంట్ అనే గణాంకాల సైట్ తెరిచి, చివరి నాలుగైదు ఆటల్లో ఫాస్ట్‌బాల్ సగటు వేగాన్ని మే, జూన్ నెలలతో పోల్చు. ఒక ఆటలో అర మైలు తగ్గితే పట్టించుకోనక్కర్లేదు. మూడు ఆటలు వరసగా మైలున్నర తగ్గితే అలసటో నొప్పో ఉందన్నమాట. రెండోది, బంతి వదిలే ఎత్తు. అలసిన పిచర్ చెయ్యి కిందికి జారుతుంది. దాంతో పైకి వేసిన ఫాస్ట్‌బాల్ నిలవకుండా నడుము ఎత్తుకి దిగుతుంది, స్లయిడర్ తిరగకుండా ప్లేట్ మధ్యలోనే ఉండిపోతుంది, హోమ్ రన్లు అక్కడే పడతాయి. మూడోది వాక్‌లు, అంటే నాలుగు చెడ్డ బంతులు వేసి బ్యాటర్‌ని ఉచితంగా బేస్‌కి పంపడం. స్ట్రైకవుట్ల శాతంలోంచి వాక్‌ల శాతం తీసి చూడు. ఆ తేడా నిలకడగా ఉండి పరుగులు పెరిగితే చాలావరకు దురదృష్టం, ఫీల్డర్ల మధ్యలోంచి బంతులు పోతున్నాయంతే. తేడా కూడా కుంచించుకుపోతుంటే నిజంగానే భయపడాలి. నాలుగోది, నిరుడు ఎన్ని ఇన్నింగ్స్ వేశాడు, ఈ ఏడు ఎన్ని అన్నది. కుర్ర పిచర్‌కి ఇది కీలకం. 2012లో మోచేతి సర్జరీ నుంచి కోలుకున్న స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ని వాషింగ్టన్ 159.1 ఇన్నింగ్స్ దగ్గర ఆపేసింది. 98 ఆటలు గెలిచిన ఆ జట్టు అతను లేకుండానే డివిజన్ సిరీస్‌లో ఓడింది. అది సరైన నిర్ణయమా కాదా అని ఇప్పటికీ కొట్టుకుంటారు. పిచర్ ఆరోగ్యమే ముందన్నది నా పక్షం. (159.1 అంటే 159 ఇన్నింగ్స్, ఒక అవుట్. దశాంశం అనుకుని కూడితే లెక్క తప్పుతుంది.)

బుల్‌పెన్ (స్టార్టర్ తర్వాత వచ్చే పిచర్లు, అంటే రిలీవర్లు) గురించి వాదనల్లో క్లోజర్ (ఆఖర్లో ఆట ముగించేవాడు) పేరొక్కటే వినిపిస్తుంది. గత మూడు రోజుల్లో ఎవరెవరు ఎన్ని బంతులు వేశారో నువ్వు చూడు. వరసగా రెండు రోజులు వేసిన రిలీవర్ మూడో రోజు దొరకడం అరుదు. స్టార్టర్లు నాలుగో ఇన్నింగ్స్‌లోనే వెళ్లిపోతున్న జట్టుకి సెప్టెంబరు మూడో వారంలో ఏడో ఇన్నింగ్స్ ఎవరు వేస్తారన్నది పెద్ద ప్రశ్న అవుతుంది. సెప్టెంబరు 1 నుంచి జట్టు 26 నుంచి 28 మందికి పెరుగుతుంది కానీ పిచర్లు 14 మందికి మించకూడదు, అంతకుముందు హద్దు 13. అంటే అదనంగా వచ్చే చెయ్యి ఒక్కటే.

లీగ్‌లో మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గొడవని ఈ రేసు గొడవతో కలపకు. ఆ ఓట్లు ప్లేఆఫ్ మొదలయ్యేలోపే పడిపోతాయి. గెలుపు–ఓటముల రికార్డు పట్టుకుని మాట్లాడేవాడికి మూడు పేర్లు చెప్పు: 2010లో ఫీలిక్స్ హెర్నాండెజ్ 13–12, 2018లో జేకబ్ డిగ్రామ్ 10–9, 1.70 ఈఆర్‌ఏ, 2025లో పాల్ స్కీన్స్ 10–10, 1.97 ఈఆర్‌ఏ. ముగ్గురికీ అవార్డు వచ్చింది. జట్టు బ్యాట్లు పరుగులు చేయకపోతే పిచర్ ఏం చేస్తాడు? ఇద్దరి ఈఆర్‌ఏలు పోల్చేటప్పుడు మైదానం కూడా చూడు. డెన్వర్‌లో కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి దాదాపు 5,200 అడుగుల ఎత్తున ఉంది, ఆ పల్చటి గాలిలో కర్వ్‌బాల్ తక్కువ తిరుగుతుంది, కొట్టిన బంతి ఎక్కువ దూరం పోతుంది.

మిగిలిన ఆటలు బలహీన జట్లతోనే కదా అన్న ధీమా నీకు వద్దు. 2025 ఆఖరి రోజు మెట్స్‌ని 4–0తో ఓడించి ఇంటికి పంపింది, రేసులోంచి అప్పటికే తప్పుకున్న మయామి మార్లిన్సే. అలాంటి జట్లలో కొత్త కుర్రాళ్లు వచ్చే ఏడు చోటు కోసం ప్రాణం పెట్టి ఆడతారు, కొత్త పిచర్‌ని ఎవరూ అంతకుముందు ఎదుర్కొని ఉండరు.

ఆఖరి ఆదివారం ఆటలన్నీ ఇంచుమించు ఒకేసారి, మన ఈస్టర్న్ టైమ్ మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో మొదలుపెడతారు. ఇండియాలో ఇంటి దగ్గర తమ్ముడు కూడా చూస్తానంటే అక్కడ తెల్లవారితే సోమవారం అన్నట్టు, అర్ధరాత్రి పన్నెండున్నర అవుతుందని చెప్పు. ఆ ఉదయమే ప్రకటించిన స్టార్టర్ల పేర్లు చూడు. శనివారం రాత్రే చోటు ఖాయమైన జట్టు తన ఏస్‌ని ఆదివారం తప్పించేస్తుంది, దానితో ఆడే జట్టుకి అది వరం. మంగళవారం ఒక్కో సిరీస్‌కి 26 మంది జాబితా ఇస్తారు. అందులో ఏ స్టార్టర్‌ని రిలీవర్‌గా పెట్టారో, ఎవరిని వదిలేశారో చదువు. సిరీస్ మధ్యలో గాయం పేరుతో ఎవరినైనా మారిస్తే ఆ ఆటగాడు తర్వాతి సిరీస్‌కి కూడా పనికిరాడు. అందుకే అనుమానం ఉన్న చెయ్యిని తొలి రౌండులో చాలామంది మేనేజర్లు జాబితాలోకి తీసుకోరు. నీ జట్టు జాబితా రాగానే నాకు ఫోన్ చెయ్యి, మూడో ఆట ఎవరు వేస్తారో కలిసి చూద్దాం.

మీ మామయ్య