ఎన్నారై సందేహాలు: పల్లెటూరి చర్చిలోకి, పబ్బులోకి మనం వెళ్లవచ్చా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని స్విండన్‌కు వచ్చి నాలుగు నెలలైంది. వచ్చే నెల అమ్మానాన్నలు వస్తున్నారు. చుట్టుపక్కల పాత ఊళ్లు చూపించాలని ఉంది. అయితే అక్కడి చర్చిల్లోకి, పబ్బుల్లోకి మనలాంటివారు వెళ్లవచ్చో లేదో తెలియడం లేదు. అమ్మ శాకాహారి.

జవాబు: నిస్సంకోచంగా వెళ్లవచ్చు. పదేళ్లుగా ఇక్కడ ఉంటూ కూడా ఊరి చర్చి తలుపు ఒక్కసారైనా నెట్టి చూడని మనవాళ్లు నాకు చాలామంది తెలుసు కనుక, మీ సందేహం చిన్నదని నేను అనుకోవడం లేదు. మీరు స్విండన్‌లోనే ఉన్నారు కాబట్టి ముందుగా వారిని సుమారు 11 మైళ్ల దూరంలోని ఏవ్‌బరీ అనే పల్లెటూరికి తీసుకువెళ్లండి, అక్కడ ప్రాచీన నిలువురాళ్ల వలయం ఉంది. డివైజెస్ పట్టణం వైపు వెళ్లే 49 నంబరు బస్సు ఊళ్లోనే ఆగుతుంది.

ఇలాంటి రాళ్లు చూడాలంటే అందరూ పేరుమోసిన స్టోన్‌హెంజ్ వలయానికి పరుగెత్తుతారు. అక్కడ టికెట్టు కొని తాడు అవతల నుంచి చూసి రావాలి. ఏవ్‌బరీలో రాళ్ల దగ్గరికి టికెట్టు లేదు, తాడు లేదు, రాళ్ల మధ్య గొర్రెలు మేస్తుంటాయి, మీ నాన్నగారు చేతితో రాయిని తాకి చూడవచ్చు. సుమారు నాలుగున్నర వేల ఏళ్ల కిందటి ఈ రాతి వలయం ప్రపంచంలోకెల్లా పెద్దది, ఎంత పెద్దదంటే ఊరిలో కొంత భాగం, ఒక పబ్బు, ఒక పెద్ద రోడ్డు దాని లోపలే ఉన్నాయి. స్విండన్ రోడ్డు పక్కన నిలిచిన బండ ఒక్కటే 60 టన్నులకు పైగా ఉంటుంది. నారాయణపేట జిల్లా ముడుమాల నిలువురాళ్లను చూసినవారికి ఇది కొత్త లోకంలా అనిపించదు. దగ్గరలోని వెస్ట్ కెనెట్ సమాధి గదులను చూస్తే మన పల్లెల్లో 'రాకాసి గుళ్లు' అనే మాట వెంటనే నోటికి వస్తుంది. పక్కనే ఉన్న సిల్‌బరీ దిబ్బను మాత్రం దూరం నుంచే చూడాలి, ఎక్కనివ్వరు.

రాళ్లలో ఎన్నో ఇప్పుడు లేవు. 17, 18 శతాబ్దాల్లో ఊరివారే వాటి కింద గడ్డి వేసి మంట పెట్టి, కాగిన బండ మీద చన్నీళ్లు పోసి, సుత్తులతో పగలగొట్టి ఇళ్లు కట్టుకున్నారు. మన క్వారీల్లో బండకు మంట పెట్టి పొర లేపడం చూసినవారికి ఈ పద్ధతి వివరించనక్కరలేదు. 1930లలో అలెగ్జాండర్ కీలర్ అనే మార్మలేడ్ (నారింజ జామ్) వ్యాపార కుటుంబీకుడు ఇక్కడ తవ్వకాలు జరిపి, పడిపోయిన రాళ్లను నిలబెట్టి, దొరకనివాటి చోట కాంక్రీటు గుర్తులు పెట్టించాడు. 1938లో ఒక రాయి కింద మనిషి అస్థిపంజరం బయటపడింది; అతనితోపాటు 14వ శతాబ్దపు తొలినాళ్ల వెండి నాణేలు, ఒక కత్తెర దొరికాయి.

ఇక సెయింట్ జేమ్స్ చర్చి. దాని మూలం దాదాపు వెయ్యేళ్ల నాటిది. చెప్పులు విప్పనవసరం లేదు. మా నాన్నగారు వచ్చిన ఏడాది నవంబరు చలిలో, ఒక ఊరి చర్చి వాకిట్లో, నేను వద్దనేలోపే బూట్లూ మేజోళ్లూ విప్పేసి, చల్లటి రాతి గచ్చు మీద కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డారు. లోపల పూలు సర్దుతున్న ఒక పెద్దావిడ నవ్వకుండా ఉండడానికి ఎంత ప్రయత్నించిందో నాకు ఇప్పటికీ గుర్తే. బురద ఉంటే తుడుచుకుంటే చాలు. ప్రార్థన వేళలు వాకిట్లోని బోర్డు మీద రాసి ఉంటాయి. ఆ సమయం తప్పించి వెళ్తే నిదానంగా చూడవచ్చు, బయటికి వచ్చేటప్పుడు పెట్టెలో ఒకటి రెండు పౌన్లు వేయడం మర్యాద. లోపల పూజాపీఠం ఉన్న భాగానికి ముందు, అడ్డుతెర మీద కట్టిన చెక్క మేడను (రూడ్ లాఫ్ట్) తప్పక చూడండి. మత సంస్కరణల కాలంలో దేశమంతటా ఇటువంటివాటిని కూల్చివేశారు, ఇది మాత్రం గోడ వెనుక దాగి మిగిలి 1810లో బయటపడింది. అనేక ఊళ్లలో చర్చి ప్రాంగణం ముందు పైకప్పు ఉన్న చిన్న ద్వారం కనిపిస్తుంది. శవపేటికను మోసుకువచ్చినవారు మతగురువు వచ్చేదాకా దాన్ని అక్కడ దింపి నిలబడేవారు. మన దింపుడు కళ్లమే అనుకోండి.

రెడ్ లయన్ పబ్బు రాతి వలయంలోనే, గడ్డికప్పుతో ఉంటుంది. పబ్బు అంటే బార్ అనుకుని మనవాళ్లు కుటుంబంతో వెళ్లడానికి జంకుతారు. మధ్యాహ్నం వేళ అక్కడ పసిపిల్లలు, తాతమ్మలు, బల్ల కింద కుక్కలు కూడా ఉంటాయి. మందు తాగాలని ఎవరూ బలవంతం చేయరు, లైమ్ సోడా అడిగితే సంతోషంగా ఇస్తారు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: చాలా పబ్బుల్లో బల్ల దగ్గరికి ఎవరూ రారు. వచ్చిన కొత్తలో ఒక పబ్బులో నేనూ మా ఆవిడా ముప్పావు గంట కూర్చుని, మనల్ని పట్టించుకోవడం లేదని చిన్నబుచ్చుకుని లేవబోతే, పక్క బల్ల పెద్దాయన కౌంటరు వైపు వేలు చూపాడు. మీరే అక్కడికి వెళ్లి, బల్ల నంబరు చెప్పి, అక్కడే డబ్బు కట్టాలి. వరుస కంటికి కనిపించకపోయినా ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు, ముందుకు తోసుకుపోవద్దు.

మీ అమ్మగారి విషయంలో మెనూలో శాకాహారమని తెలిపే 'వి' గుర్తు చూసి ఊరుకోకుండా రెండు ప్రశ్నలు అడగండి: చిప్స్ వేయించే నూనెలోనే చేపలు కూడా వేయిస్తారా, గ్రేవీ మాంసంతో చేసిందా అని. ఆదివారం రోస్టు అనే కాల్చిన మాంసం భోజనంలో కూరగాయల మీద పోసే గ్రేవీ తరచు గొడ్డుమాంసం రసమే. దానితో వడ్డించే యార్క్‌షైర్ పుడింగు అనే పిండివంటను కూడా పాతకాలం పద్ధతిలో గొడ్డుకొవ్వుతో చేస్తారు. అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సాయంత్రం దాకా వంటగది మూసే పబ్బులు ఇంకా ఉన్నాయి కనుక, బయలుదేరేముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోండి. ఎందుకైనా మంచిది, పెరుగన్నం డబ్బా ఒకటి సంచిలో పెట్టుకోండి. దాన్ని పబ్బు బల్ల మీద తెరవవద్దు, రాళ్ల మధ్య గడ్డి మీద కూర్చుని తినండి, గొర్రెలు మాత్రం దగ్గరికి వస్తాయి.