పిడుగు కరెంటుతో మోటారు తిప్పొచ్చా?

2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు పడ్డాయి కదా, ఆ కరెంటుతో బోరు మోటార్లు తిప్పలేమా అని అడిగారు. తిప్పలేం.

యూట్యూబ్‌లో ప్రతివాడూ "ఒక్క పిడుగులో వంద కోట్ల జౌళ్లు" అంటూ మొదలెడతాడు. అందులో చాలా భాగం దారిలో గాలిని వేడెక్కించడానికి, మెరుపుకి, ఉరుముకే పోతుంది. నేల దగ్గర మనం చూడాల్సింది, మనం పెట్టే లోడ్ నిరోధంలో ఒక్కో ఓమ్‌కి ఎన్ని జౌళ్ల శక్తి దక్కుతుందన్నది. 30 వేల ఆంపియర్ల మామూలు పిడుగు మొదటి దెబ్బకి అది 55 వేలు. అంటే 1 ఓమ్ లోడ్ పెడితే దక్కేది 0.015 యూనిట్. నష్టాలేమీ లేవనుకున్నా 5 హెచ్‌పీ మోటారు పావు నిమిషం తిరుగుతుంది. 10 ఓమ్‌లు పెడితే పదింతలు రావాలిగా అంటారు. అప్పుడు లోడ్ మీద 3 లక్షల వోల్టులు పడతాయి, పిడుగు దాన్ని వదిలేసి పక్కకి దూకుతుంది. అపార్ట్‌మెంట్లలో రాడ్‌కి వేలు పోసి, ఎండాకాలంలో ఎర్త్ గుంతలో బిందెడు నీళ్లు పోయక, అది ఎండి ఓమ్‌లు పెరిగినవాళ్లకి జరిగేదీ ఇదే.

నేరుగా మోటారుకి కలిపితే ఇంకా ఘోరం. వైండింగ్ ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని అడ్డుకునే గుణం) 1 మిల్లీహెన్రీ అనుకుంటే, 3 మైక్రోసెకన్లలో 30 వేల ఆంపియర్లు ఎక్కడానికి కోటి వోల్టులు కావాలి. 415 వోల్టుల మోటారు ఇన్సులేషన్‌ని టెస్ట్ చేసేది 2 వేల దగ్గర. రోటర్ కదిలేలోపే మొదటి చుట్లలో తీగ మీది ఎనామెల్ పూత చిట్లి బాడీకి షార్టవుతుంది.

పిడుగు కరెంటు లోహాన్ని కదిపిన సందర్భం లేకపోలేదు. ఆస్ట్రేలియాలో హార్ట్లీ వేల్ కిరోసిన్ రిఫైనరీ దగ్గర పిడుగు రాడ్‌గా పెట్టిన రాగి గొట్టం లోపలికి నలిగిపోయింది. దాన్ని 1905లో పొలాక్, బారక్లఫ్ అనే పరిశోధకులు పరిశీలించి, కరెంటు తన అయస్కాంత క్షేత్రంతో తానే గొట్టాన్ని నొక్కి ఉండొచ్చని లెక్కగట్టారు. 1 సెంటీమీటరు వ్యాసార్థమున్న గొట్టంలో లక్ష ఆంపియర్లు పారితే అయస్కాంత క్షేత్రం 2 టెస్లాలు, అంటే సుమారు 16 అట్మాస్ఫియర్ల ఒత్తిడి. వేడికి మెత్తబడిన పల్చటి రాగికి అది చాలు.

అయితే నలపడం వేరు, పని చేయించడం వేరు. 50 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు రెండింటిని 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ఆ మామూలు పిడుగునే ఒకదాంట్లో పైకి, ఇంకోదాంట్లో కిందికి పంపారనుకోండి, తీగలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మీటరు తీగకి వచ్చే గతిజశక్తి 0.014 జౌల్. దాంతో తీగ 3 మిల్లీమీటర్లు ఎగురుతుంది, అంతే. బలం మీటరుకి 180 కిలోల దాకా ఉన్నా అది నిలిచేది మైక్రోసెకన్లే. తాటిచెట్టుని చీల్చేది కూడా ఈ బలం కాదు, లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై తన్నడం.

ఇవన్నీ దాటి ఏదో ఒకటి కట్టారే అనుకుందాం. చదరపు కిలోమీటరుకి ఏడాదికి 10 పిడుగులు పడే చోట, 30 మీటర్ల టవరు మీద సగటున నాలుగేళ్లకి ఒకటి పడుతుంది.