శిరీషకు: ఆదివారం కలవొద్దు, సోమవారం వెళ్లు

చిరంజీవి శిరీషకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కాలేజీలో నీతో చదివిన ఆ అబ్బాయి ఎనిమిది నెలలుగా వదలకుండా వెంటపడుతున్నాడట. ఆదివారం కూకట్‌పల్లిలో ఏదో కాఫీ షాపులో వాణ్ని కలిసి ఆఖరిసారి చెబుతావట, వినకపోతే సోమవారం నువ్వే స్టేషన్‌కి వెళ్లి కంప్లైంట్ ఇస్తావట. మీ అమ్మ ఒకటే ఏడుపు. నాకు మాత్రం ఆ సోమవారం మాట వినగానే గుండె నిండిపోయింది. మన ఇళ్లలో ఆడపిల్ల తనంతట తాను ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. ఆదివారం మాటకి మాత్రం రాత్రంతా కంటిమీద కునుకు లేదు. స్టేషన్‌కి వెళ్లు తల్లీ. వాడి దగ్గరికి మాత్రం వెళ్లకు.

నీకు తెలిసినవి ముందు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పాస్‌వర్డ్‌లు మార్చు, వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి చూడు, గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ ఎవరికైనా షేర్ అవుతోందేమో చూసి ఆపు, ఇన్‌స్టా ప్రైవేట్‌లో పెట్టు.

ఇక అసలు సంగతి. ఈ ఆఖరి మాట కోసం కలవడం అన్నది ఏళ్ల తరబడి ఆడపిల్లలు మంచితనం కొద్దీ చేస్తున్న పొరపాటు. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెబితే మనిషన్నవాడు అర్థం చేసుకుంటాడని వాళ్ల ఆశ. ఎనిమిది నెలలుగా వద్దంటున్నా విననివాడికి నీ మాట అర్థం కాక కాదమ్మా. వాడికి కావలసింది నీ ఎదురుగా కూర్చోవడం. అది దొరికిందంటే వాడి లెక్కలో ఎనిమిది నెలల శ్రమ ఫలించినట్టే. ముప్ఫై తొమ్మిది కాల్స్ వదిలేసి నలభయ్యోది ఎత్తి తిట్టావనుకో, నీకది తిట్టు. వాడికి మాత్రం నలభై సార్లు చేస్తే ఎత్తుతుందన్న పాఠం. వచ్చే వారం నలభైతో ఆగడు.

కలిసినప్పుడు కారణాలు చెబుతావు, ఇంకో చిక్కు అక్కడే. ‘మా ఇంట్లో ఒప్పుకోరు’ అంటే మీ నాన్నని ఒప్పిస్తానని తెనాలి వెళ్లి మీ గుమ్మంలో కూర్చుంటాడు. ‘ఇప్పుడు ఉద్యోగం ముఖ్యం’ అంటే రెండేళ్లు ఆగుతానంటాడు. ‘వేరే అబ్బాయి ఉన్నాడు’ అంటే ఆ అబ్బాయి ఎవరో వెతకడం మొదలుపెడతాడు. ‘ఫ్రెండ్స్‌గా ఉందాం’ అన్నావంటే సరేసరి. ప్రతి కారణం వాడికి బేరమాడుకోవడానికి ఒక దారి. నీకు ఇష్టం లేదు, అంతే. దానికి కారణం చూపించాల్సిన బాకీ నీకు లేదు.

కోర్టులో ఏమవుతుందో కూడా విను. ఆ కాఫీ షాపులో వాడి స్నేహితుడు దూరం నుంచి ఒక ఫొటో తీస్తే చాలు. ‘వద్దన్న అమ్మాయి తనే వచ్చి కాఫీ తాగిందండీ’ అని వాళ్ల వకీలు ఆ ఫొటో జడ్జిగారి ముందు పెడతాడు. ఇక ఏ తేదీన నువ్వు స్పష్టంగా వద్దన్నావన్నది తేల్చడమే ఒక పంచాయితీ అవుతుంది.

2013కి ముందు వెంటపడటాన్ని చట్టంలో ఒక నేరంగా పేరుపెట్టి చెప్పిన సెక్షనే లేదు. ఈవ్ టీజింగ్ అని తేలిగ్గా తీసేసేవారు, మరీ పట్టుబడితే పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 509వ సెక్షన్ కింద రాసుకునేవారు. అమ్మాయినే చదువు మాన్పించి ఊరికి తీసుకుపోయిన ఇళ్లు ఎన్నో. ఆ పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి. నిర్భయ ఘటన తర్వాత 2013లో ఐపీసీలో 354డి చేర్చారు. 2024 జూలై 1 నుంచి, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 78వ సెక్షన్. అమ్మాయి ఇష్టం లేదని స్పష్టంగా తెలియజేశాక కూడా పదే పదే వెంటపడటం, మాట కలపాలని చూడటం నేరం. ఆమె ఇంటర్నెట్‌లో, మెయిల్‌లో ఏం చేస్తోందో కనిపెట్టి ఉండటం కూడా నేరమే. ఆ ‘స్పష్టంగా’ అన్నదే నీ కేసుకి పునాది. కాబట్టి దాన్ని రాతలో పెట్టు. ఈ రోజే ఈ నాలుగు ముక్కలూ పంపు:

‘నువ్వు నాకు కాల్ చేయడం, మెసేజ్ పెట్టడం, నా వెంట రావడం నాకు ఇష్టం లేదు. ఇకమీదట నేరుగా గానీ, వేరేవాళ్ల ద్వారా గానీ నన్ను సంప్రదించవద్దు.’

‘సారీ’ వద్దు, ‘ప్లీజ్’ వద్దు, కారణం వద్దు, ‘పోలీసులకు చెబుతా’ అన్న బెదిరింపూ వద్దు. వాట్సాప్‌లో ఒకసారి, మామూలు ఎస్సెమ్మెస్‌గా ఒకసారి పంపి, తేదీ, టిక్కులు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకో. ఆ తర్వాత వాడు ఏడ్చినా, తిట్టినా, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పినా నీ నుంచి ఒక్క అక్షరం పోకూడదు. చచ్చిపోతానంటాడు, చూస్తూ ఉండు, చాలామంది అదే అంటారు. అప్పుడు కూడా వెళ్లకు. ఆ మెసేజ్ వెంటనే వాళ్ల ఇంట్లోవాళ్లకు మీ నాన్నతో చెప్పించు, 112కి ఫోన్ చేసి వాడి అడ్రస్ ఇవ్వు. ప్రాణం కాపాడాల్సింది వాళ్లు. నువ్వు వెళ్లడం దానికి మందు కాదు.

వాడి మెసేజ్‌లు చూస్తే అసహ్యమేసి అన్నీ డిలీట్ చేస్తున్నానన్నావట మీ అమ్మతో. శిరీషా, నిన్ను కోప్పడాలనే ఉంది గానీ, ఆ అసహ్యం ఎలాంటిదో నాకు తెలుసు. ఇక చెరపకు. చదవలేకపోతే మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయి, రోజుకొకసారి నీ స్నేహితురాలిని చూడమను. స్క్రీన్‌షాట్‌లో వాడి పేరు కాదు, నంబర్ కనిపించాలి. పేరుతో సేవ్ చేసి ఉంటే కాంటాక్ట్ వివరాలు తెరిచి, అక్కడి నుంచి చాట్‌లోకి వచ్చేదాకా స్క్రీన్ రికార్డింగ్ చెయ్యి. చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి నీ మెయిల్‌కే పంపుకో. బ్లాక్ చేసినా చాట్ పోదు గానీ, రిపోర్ట్ నొక్కేటప్పుడు చాట్ కూడా చెరిపేసే ఆప్షన్ కనిపిస్తుంది, చూసి నొక్కు. ఫోన్ మార్చకు, రీసెట్ చేయకు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి, సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అడుగుతారు, అప్పుడు ఆ మెసేజ్‌లు వచ్చిన అసలు ఫోన్ నీ చేతిలో ఉంటే చాలా చిక్కులు తప్పుతాయి.

అన్నిచోట్లా బ్లాక్ చేస్తే కొందరు ఫోన్‌పేలో, గూగుల్‌పేలో ఒక్క రూపాయి పంపి దాని కింద మెసేజ్ రాస్తారు. ఆ రూపాయి తిరిగి పంపకు, అదీ జవాబే అవుతుంది. స్క్రీన్‌షాట్ తీసి, అక్కడా బ్లాక్ చెయ్యి. పార్సిల్ వస్తే అడ్రస్ ఉన్న కవరు పారేయకు.

ఒక నోటుబుక్ కొను. చిన్నప్పుడు సెలవులకి మా ఇంటికొచ్చి, పాలవాడి లెక్క క్యాలెండర్ మీద గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టేదానివి, అంత శ్రద్ధగా రాయాలి ఇది. ఇలా:

‘14వ తేదీ, మంగళవారం, సాయంత్రం 6:40. మెట్రో స్టేషన్ మెట్ల కింద. నల్ల బండి, నంబర్ ఇది. హాస్టల్ గేటు దాకా వెనకే వచ్చాడు, మాట్లాడలేదు. కొబ్బరిబోండాలమ్మే ఆయన చూశాడు. ఎదురు మెడికల్ షాపుకి కెమెరా ఉంది.’

భయమేసింది, ఏడ్చాను అని పేజీలు నింపక్కర్లేదు. తేదీ, టైము, చోటు, చూసినవాళ్లు ఉంటే చాలు. కెమెరా సంగతి ఆలస్యం చేయకు. చాలా దుకాణాల్లో రెండు వారాల నుంచి నెలలోపే పాత ఫుటేజి మీద కొత్తది ఎక్కేస్తుంది. ఏ కెమెరాలో చూడాలో కంప్లైంట్‌లోనే రాస్తే పోలీసులు అడిగి తీసుకుంటారు.

సోమవారం స్టేషన్‌కి రెండు కాపీలు పట్టుకెళ్లు. తెల్లకాగితం మీద ఒక్క పేజీ. ఎప్పుడు మొదలైంది, ఏ తేదీన వద్దని రాశావు, ఆ తర్వాత ఏ ఏ తేదీల్లో ఏం చేశాడు. ఆ మూడోది అన్నిటికన్నా ముఖ్యం. చివర ‘చట్టప్రకారం కేసు నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను’ అని రాయి. ‘పిలిచి మందలించండి’ అని రాస్తే మందలింపుతోనే సరిపెట్టే వీలు నువ్వే ఇచ్చినట్టు. ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్‌కి చెప్పినా మంచిదే, 2014 నుంచి హైదరాబాద్‌లో వాళ్ల పనే ఇది. కాకపోతే వాళ్లు చాలాసార్లు కౌన్సెలింగ్ ఇచ్చి పంపిస్తారు, నీకు ఏం కావాలో ముందే తేల్చుకుని వెళ్లు. ‘మా ఏరియా కాదమ్మా’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ రాయమని అడుగు. కేసుల నమోదు, దర్యాప్తు చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. వెంటపడటం గురించిన ఆ 78వ సెక్షన్ కేసుకి నీ మాటలు మహిళా అధికారే రాసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ‘నాన్నని తీసుకురా’ అంటే మేజర్‌నని చెప్పు. అసలు తీసుకోకపోతే రాతపూర్వకంగా పై అధికారికి, హైదరాబాద్ చుట్టుపక్కలైతే డీసీపీకి, రిజిస్టర్డ్ పోస్టులో పంపు. లాయర్ ఖర్చు గురించి బెంగ వద్దు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, నంబర్ 15100.

ఎవరూ ముందుగా చెప్పనిది ఒకటుంది. మొదటిసారికి ఇది మూడేళ్ల దాకా శిక్ష పడే నేరమే అయినా బెయిలబుల్. అంటే బెయిల్ వాడి హక్కు, సాయంత్రానికే వాడు ఇంటికి వచ్చేయొచ్చు. ‘రెండోసారి నాన్‌బెయిలబుల్’ అంటారే, అది ఒకసారి శిక్ష పడ్డాక మళ్లీ చేస్తేనే. రెండో మెసేజ్‌కి కాదు. కేసు పెట్టాను, ఇక భయం లేదని మాత్రం అనుకోకు. కేసు పెట్టిన తర్వాతి రెండు మూడు వారాలే నాకు ఎక్కువ భయం. బస్టాపు నుంచి మీ హాస్టల్‌కి ఆ లైట్లు లేని సందు ఉంది చూడు, అది కళ్లలో మెదులుతూనే ఉంది నాకు. ఆ రోజుల్లో ఆఫీసు టైము మార్చుకో, క్యాబ్ హాస్టల్ గేటు దాకా రప్పించుకో, ఒక్కదానివీ నడవకు. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సేవలో ప్రయాణం నమోదు చేస్తే దిగేదాకా వాళ్లు గమనిస్తారు. ఆఫీసు సెక్యూరిటీకి, హాస్టల్ వార్డెన్‌కి వాడి ఫొటో, బండి నంబర్ ఇవ్వు. బెయిల్ మీద బయటికొచ్చి ఒక్క మెసేజ్ పెట్టినా అదే రోజు నీ కేసు దర్యాప్తు చేసే అధికారికి (ఐఓకి) రాతలో తెలియజెయ్యి.

ఫొటోలు మార్ఫింగ్ చేసి పెడతానని బెదిరిస్తే అడిగింది ఇవ్వకు. డబ్బులైనా, మాటైనా సరే. ఆ బెదిరింపు కాపీతో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళల విభాగంలో ఫిర్యాదు చెయ్యి, స్టేషన్‌లో ఇచ్చిన కేసుకి ఆ ఫిర్యాదు నంబర్ కూడా జత చేయించు.

మీ తమ్ముడు స్నేహితుల్ని వేసుకుని వచ్చి రెండు తగిలిస్తానంటున్నాడట. వాడికి నేను విడిగా ఫోన్ చేస్తాను. ఒక్క దెబ్బ పడిందంటే రేపు స్టేషన్‌లో మీ కేసుకి పోటీగా వాళ్ల కేసు నిలబడుతుంది, ఆ తర్వాత పెద్దమనుషులు కూర్చుని రెండూ రాజీ చేయిస్తారు. అలా మాసిపోయిన కేసులు లెక్కలేనన్ని. మీ అమ్మకి కూడా చెప్పాను, ఆ వెంటపడేవాడు ఫోన్ చేస్తే ‘మా అమ్మాయి చెప్పింది కదా’ అని పెట్టేయమని, మంచి మాటలు చెప్పొద్దని. పెళ్లి సంబంధాలు చెడతాయని బాధపడుతోంది. ఆ సంగతి నేను చూసుకుంటాను, అది నీ నెత్తిన పెట్టుకోకు.

పెద్దనాన్నకి ఆదివారం రాత్రి బస్సు టికెట్ చేశాను. సోమవారం పొద్దున్నే మియాపూర్‌లో దిగి నీకు ఫోన్ చేస్తారు. ఆయన నీతో స్టేషన్ దాకా వచ్చి బయట బెంచీ మీద కూర్చుంటారు. లోపల మాట్లాడేది మాత్రం నువ్వే. కంప్లైంట్ ముసాయిదా శనివారం సాయంత్రానికి నాకు వాట్సాప్ చెయ్యి, తేదీలు సరిచూసి పంపుతాను. ఏమైనా తినేసి వెళ్లు, అక్కడ కూర్చోబెట్టేస్తారు గంటల తరబడి.

మీ పెద్దమ్మ