ఎముకలు నమిలే ఆవుకు కాల్షియం సీసా ఎందుకు?

ప్రశ్న: సార్, మాది పలమనేరు దగ్గర పల్లె. మూడో ఈత జెర్సీ క్రాస్ ఆవు, ఈని నాలుగు నెలలైంది, పూటకు 6 లీటర్లు ఇస్తుంది. రెండు నెలలుగా ఎముకలు, గుడ్డపేలికలు ఏవి దొరికితే అవి నములుతోంది. లేచేటప్పుడు కాళ్లు బిగుసుకుపోయి కుంటుతోంది. కాల్షియం తగ్గిందని నెలన్నరగా లిక్విడ్ తాపుతున్నాం, గుణం లేదు. రాయిలాంటి ఎముక లోపల ఎలా గుల్లవుతుంది? ఎముకల పొడి పెట్టొచ్చా?

జవాబు: ముందు ఆ లిక్విడ్ ఆపండి. ఎముకలు నమలడం చూస్తే తగ్గింది కాల్షియం కాదు, భాస్వరం అని నా అనుమానం. మేత ఏం పెడుతున్నారో రాయలేదు కానీ మన వైపు సంగతి తెలిసిందేగా, వరిగడ్డి, వేరుశనగ కట్టె. కట్టెలో కాల్షియం కొంత ఉంటుంది, భాస్వరం మాత్రం రెండింట్లోనూ తక్కువే. లీటరు పాలతో ఇంచుమించు 1 గ్రాము భాస్వరం పోతుంది, అంటే మీ ఆవుకు రోజుకు 12 గ్రాములు. మేతలో రాకపోతే ఎముకలోంచి లాక్కుంటుంది.

ఎముకను రాయి అనుకోవడమే పొరపాటు. కాలి ఎముక గట్టి భాగాన్ని అడ్డంగా కోసి, వెలుతురు దూరేంత పల్చగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే, ఉల్లిగడ్డలు కోసి పక్కపక్కన పేర్చినట్టు చుట్లు చుట్లుగా కనిపిస్తుంది. ఒక్కో ఉల్లిగడ్డ వెడల్పు మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుందేమో, దాన్నే ఆస్టియాన్ అంటాం. నడుమ ఉన్న హావర్సియన్ కాలువలో రక్తనాళం నడుస్తుంది. పొరల మధ్య నల్లటి సాలీళ్లు కూర్చున్నట్టు గుంతలు ఉంటాయి (మొదటిసారి చూసినప్పుడు స్లైడ్ మీద దుమ్ము పడిందనుకున్నా). బతికున్న ఎముకలో ఆ గుంతకొక కణం కాపురం ఉంటుంది, సాలీడు కాళ్లలా కనిపించే సన్నటి దారుల్లోంచే దానికి తిండి అందుతుంది.

ఈ చుట్లను ఒక రకం కణాలు తవ్వుతుంటే ఇంకో రకం నింపుతుంటాయి, జీవితాంతం ఇదే పని. నింపేవి ముందు కొల్లాజెన్ అనే మాంసకృత్తు పీచును అల్లుతాయి, దాని మీద కాల్షియం, భాస్వరం కలిసిన స్ఫటికాలు పేరుకుంటేనే గట్టిపడుతుంది. భాస్వరం లేకపోతే అది కమ్మీలు కట్టి కాంక్రీటు పోయని శ్లాబే. కాల్షియం ఒక్కటే ఎన్ని సీసాలు పోసినా ఏం లాభం? మందుల షాపాయన రక్తపరీక్ష అడిగాడా? అడగడు, ఒక సీసా పని చేయకపోతే ఇంకో కంపెనీ సీసా ఇస్తాడు. ఈనగానే పడిపోయే పాలజ్వరం వేరు, అక్కడ కాల్షియమే ప్రాణం.

పశువుల డాక్టరుతో రక్తం తీయించండి. 100 మిల్లీలీటర్లకు భాస్వరం 4 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే ఖాయం చేసుకోవచ్చు. అప్పుడు ఆయన చెబితే సోడియం యాసిడ్ ఫాస్ఫేట్ (భాస్వరం ఉన్న లవణం) 60 గ్రాములు నీళ్లలో కలిపి రోజూ, 5 రోజులు. దాంతోపాటు ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 100 గ్రాములు, తవుడు 2 కిలోలు దాణాలో కలపండి. ఎముక నిండటానికి నెలలు పడుతుంది కాబట్టి మిశ్రమం కనీసం 3 నెలలు మానొద్దు. పేడ పరీక్ష చేయించి పురుగులుంటేనే మందు తాపండి. పళ్ల మీద గోధుమరంగు మచ్చలుంటే మాత్రం బోరు నీళ్లలో ఫ్లోరైడ్ చూపించాలి, దాంతోనూ కీళ్లు ఇలాగే బిగుస్తాయి.

ఎముకల పొడి వద్దే వద్దు. చచ్చిన పశువుల ఎముకలతో దొమ్మ రోగం (ఆంత్రాక్స్), బొటులిజం (కళేబరాల్లో పుట్టే విషంతో కాళ్లు చచ్చుబడే జబ్బు) రెండూ రావచ్చు, అందుకే దొడ్డి చుట్టుపక్కల ఎముక ముక్క కనిపించినా ఏరి లోతుగా పూడ్చండి. అరిగిన ఎముక ఒక్క జారుడుకే విరుగుతుంది, కొట్టం గచ్చు మీద ఇవాళే ఇసుక పోయించండి.