ఓగర్, సెంటార్, ప్లాస్మాయిడ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేం డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో ఆడే పాత్రల ఆట) 3.5 ఎడిషన్ ఆడుతున్నాం. అందరివీ ఆరో లెవెల్ పాత్రలే. మా వాడొకడు ఓగర్‌ని, అంటే భారీకాయపు రాక్షసుణ్ని, ఎంచుకున్నాడు. బలం +10, చేయి చాస్తే 10 అడుగులు అందుతుంది. అయినా ప్రతి పోరులో ముందు పడిపోయేది వాడే. ఎందుకలా?

జవాబు: మీవాడి ఆటలో లోపం లేదు, చిక్కంతా లెక్కలో ఉంది. ఓగర్‌కి పుట్టుకతో వచ్చే హిట్ డైస్ (ప్రాణశక్తిని లెక్కగట్టే పాచికలు) నాలుగు, పైన లెవెల్ అడ్జస్ట్‌మెంట్ (జాతి బలాలకు బదులుగా లెక్కలో కలిపే లెవెళ్లు) +2. రెండూ కలిపి ఆరో లెవెల్ అంటారు గానీ, ఆ చివరి రెండు లెవెళ్లకు డైస్ రావు, హిట్ పాయింట్లూ (ఎంత దెబ్బ తట్టుకోగలడో చెప్పే అంకె) రావు. కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) 14 వేసుకున్నాడనుకుందాం. జాతి వల్ల +4 కలిసి 18 అవుతుంది. అయినా సగటున 37 హిట్ పాయింట్లే. అదే 14 ఉన్న మానవ ఫైటర్‌కి ఆరో లెవెల్లో 49 ఉంటాయి. ఎదుటి విజార్డ్ (మాంత్రికుడు)ది కూడా ఆరో లెవెలే అయితే ఒక్కో ఫైర్‌బాల్ మంత్రానికి దెబ్బ 6డీ6, అంటే ఆరు పాచికల మొత్తం, సగటున 21. రెండుసార్లు సేవ్ (దెబ్బ తగ్గించుకునే పాచిక) తప్పితే 42. ఫైటర్ ఇంకా నిలబడే ఉంటాడు, ఓగర్ కూలిపోతాడు. ఒళ్లు చూసి అతన్ని గోడలా ముందు నిలబెట్టడం వల్లే ఈ తిప్పలు.

ఓగర్‌ని ఫైటర్ వెనక నిలబెట్టండి. పెద్ద సైజు లాంగ్‌స్పియర్ (పొడవాటి ఈటె) చేతికిస్తే 20 అడుగుల దూరం కొట్టగలడు. అయితే 10 అడుగుల లోపలికి దూరినవాణ్ని ఆ ఈటెతో కొట్టలేడు. అందుకని రెండో ఆయుధం నడుముకి ఉండాల్సిందే.

దీర్ఘకాలానికైతే 2004లో వచ్చిన అన్‌ఎర్త్‌డ్ ఆర్కానా పుస్తకంలోని ఐచ్ఛిక నియమం వాడండి. క్లాస్ లెవెళ్లు (ఫైటర్ లాంటి వృత్తిలో సంపాదించేవి) ఆరు పూర్తయ్యాక, అంటే లెక్క ప్రకారం 12వ లెవెల్లో, 11,000 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) వదులుకుంటే అడ్జస్ట్‌మెంట్ ఒకటి తగ్గుతుంది. మరో మూడు క్లాస్ లెవెళ్లకు రెండోదీ పోతుంది. కొత్తగా ఆట మొదలుపెట్టేవాళ్లు 2003 నాటి సావేజ్ స్పీసీస్ పుస్తకంలోని పద్ధతి చూడండి. అందులో రాక్షసుడి శక్తులు ఒకేసారి రావు, మొదటి లెవెల్ నుంచి విడతలవారీగా వస్తాయి. నన్నడిగితే అదే మేలు. ఆటగాడికి తన పాత్ర ఎదుగుతున్నట్టుంటుంది, డీఎంకీ (ఆట నడిపే డంజియన్ మాస్టర్‌కీ) ఊపిరాడుతుంది.

ప్రశ్న: ఐదో ఎడిషన్‌లో సెంటార్ (సగం మనిషి, సగం గుర్రం) ఆడుతున్నాను. తాళ్లు, నిచ్చెనలు ఎదురైనప్పుడల్లా నావల్ల గ్రూప్ మొత్తం ఆగిపోతోంది.

జవాబు: కాళ్లూ చేతులూ వాడి ఎక్కాల్సిన చోట సెంటార్‌కి ప్రతి అడుగుకీ అదనంగా నాలుగు అడుగులు ఖర్చవుతాయి. మీ వేగం 40 కాబట్టి టర్న్‌కి ఎనిమిది అడుగులే. 40 అడుగుల తాడెక్కడానికి మీకు ఐదు టర్న్‌లు పడితే, 30 వేగం ఉన్న మనిషికి మూడు చాలు. పోరు మధ్యలో అలా వేలాడటం ప్రాణాంతకం. ఆటలో ఒక్క బంగారు నాణేనికి బ్లాక్ అండ్ టాకిల్ (బరువులు లాగే కప్పీ) దొరుకుతుంది, అది కొనండి. దాంతో మామూలుగా ఎత్తగలిగే బరువుకి నాలుగు రెట్లు పైకి లాగొచ్చు. బలం 12 ఉన్న స్నేహితుడు మామూలుగా 360 పౌండ్లు ఎత్తుతాడు, దీనితో 1,440. ముందు ఒకరు ఎక్కి కప్పీ కట్టాలి, ఆపై మిమ్మల్ని లాగాలి. డీఎంలకు ఒక మాట: నిచ్చెనలన్నీ తీసేయకండి. రెండు మూడు చోట్ల వాలు దారి పెట్టండి, అదీ కాస్త చుట్టూ తిరిగి వచ్చేలా. సెంటార్ ఫే (మాయాలోకపు ప్రాణుల) జాతి కాబట్టి, మనుషుల్లాంటి వాళ్లను కదలకుండా బిగించే హోల్డ్ పర్సన్ మంత్రం అతని మీద పనిచేయదు. ఆ లాభానికి ఈ ఇబ్బంది సరిపోతుంది.

ప్రశ్న: మా ప్లాస్మాయిడ్ (జిగురు ముద్దలాంటి ఒళ్లున్న జాతి) ప్రతి తలుపు సందులోంచీ దూరిపోతున్నాడు. తాళాలకు విలువే లేకుండా పోయింది.

జవాబు: నియమం పూర్తిగా చదవండి. ఒక అంగుళం సందులో దూరాలంటే ఒంటిమీద ఏమీ ఉండకూడదు, చేతిలోనూ ఏమీ ఉండకూడదు. ప్లేట్ కవచం విప్పడానికే ఐదు నిమిషాలు, మళ్లీ వేసుకోవడానికి పది. కవచం, కత్తి, మంత్రాల సామగ్రి అన్నీ ఇవతలే ఉండిపోతాయి. అవతల కాపలావాడు మెలకువగా ఉన్నాడో లేదో చూసుకున్నాకే దూరమని మీవాడికి చెప్పండి.